పక్కన ఇళ్ళు కట్టాలా వద్దా అన్నది ఇరుగుపొరుగే తేల్చాలా?

గేటుమీద కాగితం:

చాలా రోజులుగా లోపల నలుగుతున్న ప్రశ్న ఇది. ఈ ఫోరంలో రకరకాల వాళ్ళున్నారు కాబట్టి పెడుతున్నాను, కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా వీధి చివర మూతపడ్డ గోదాముల స్థలం ఒకటుంది. మూడేళ్ళ కిందట అక్కడ ఐదంతస్తుల్లో 180 ఫ్లాట్లు కట్టడానికి దరఖాస్తు పడింది, వాటిలో కొన్ని తక్కువ ఆదాయం వాళ్ళకి ఇవ్వాలన్నది షరతు. మాకెలా తెలిసిందంటే, గేటుకి ప్లాస్టిక్ కవర్లో ఒక కాగితం పెట్టి వైరుతో కట్టారు. కవర్లోకి నీళ్ళు దిగి సిరా అంతా అలుక్కుపోయింది. దరఖాస్తు నంబరు, "అభ్యంతరములున్నచో" అన్న ముక్క, ఒక తేదీ, ఇంతే చదవగలిగాం. ఆ తేదీకి తొమ్మిది రోజులుంది. ప్లాన్ చూద్దామని ఆఫీసుకెళ్తే ఫైలు సంతకానికి పైకెళ్ళింది, వచ్చే వారం రండి అన్నారు. వచ్చే వారానికి గడువే ఉండదు. ఇక చూడండి, అప్పటిదాకా ఆ స్థలం ముఖం చూడనివాళ్ళు కూడా "ఏదో దాస్తున్నారు" అని లేచారు. ప్లాన్‌లో ఏముందో మాలో ఒక్కరికీ తెలీదు. దాచారన్న కోపమే మమ్మల్ని కలిపింది.

బహిరంగ విచారణకి అరవై మంది దాకా వెళ్ళాం. మనిషికి మూడు నిమిషాలు. ట్రాఫిక్ అని ఒకరు, పార్కింగ్ అని ఒకరు, ఎండ రాదని ఒకరు, చెట్లు పోతాయని ఒకరు, వరసగా అందరం వద్దనే చెప్పాం. నేను పార్కింగ్ గురించి మాట్లాడాను. చివర్లో వెనక వరసలోంచి ఒకావిడ లేచింది, చంకలో పిల్లాడు. ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తానని, రానూపోనూ మూడు గంటలు బస్సులోనే అయిపోతోందని, ఇక్కడ ఇల్లు దొరికితే బాగుంటుందని చెప్పబోయింది. నా పక్కన కూర్చున్నాయన "అమ్మా, మీరు ఈ వార్డేనా?" అని అడిగారు. కాదంది. "మరి?" అన్నారు. ఆవిడ ఇంకేం మాట్లాడకుండా కూర్చుండిపోయింది. దరఖాస్తు తిరస్కరించారు, గెలిచామనుకున్నాం. స్థలం చుట్టూ రేకులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, లోపల పిచ్చిమొక్కలు మనిషెత్తు పెరిగాయి.

ఆ "మరి?" అన్న మాట నన్ను వదలడం లేదు.

నేననేది ఏమిటంటే, తెలుసుకునే హక్కు వేరు, ఆపే హక్కు వేరు. రెండిటినీ కలిపి ఒకే మూట కట్టేశాం. మొదటిదానికి హద్దు ఉండకూడదు: ప్లాన్లు, ట్రాఫిక్ లెక్కలు, బిల్డర్‌తో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు, అన్నీ మొదటి రోజు నుంచే అందరికీ కనపడాలి. రెండోది మాత్రం ఒక్కో బిల్డింగ్ దగ్గర, ఆ సాయంత్రం హాలుకి రాగలిగినవాళ్ళ చేతిలో పెట్టకూడదు. ఎక్కడ ఎన్ని అంతస్తులన్న గొడవ మాస్టర్ ప్లాన్ రాసేటప్పుడే ఊరంతా కూర్చుని పడాలి, ఆ తర్వాత ప్లాన్‌కి లోబడి వచ్చినదానికి పర్మిషన్ ఇచ్చేయాలి. అమెరికాలో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ముగ్గురు, ఐన్‌స్టీన్, గ్లిక్, పామర్ అని, మసాచుసెట్స్ రాష్ట్రంలో 97 ఊళ్ళ సమావేశాల మినిట్స్, అంటే ఎవరేమన్నారో రాసిపెట్టిన కాగితాలు, తిరగేసి, మాట్లాడినవాళ్ళ పేర్లను ఓటర్ల జాబితాతోనూ ఆస్తి రికార్డులతోనూ పోల్చి చూశారు. కొత్త ఇళ్ళు వద్దన్నవాళ్ళు 63 శాతం, కావాలన్నవాళ్ళు దాదాపు 15 శాతం. మాట్లాడినవాళ్ళలో పెద్ద వయసువాళ్ళు, మగవాళ్ళు, సొంతిల్లున్నవాళ్ళు ఊళ్ళో వాళ్ళ వాటా కన్నా ఎక్కువగా తేలారు. చదువుతుంటే మా హాలే కళ్ళముందు కనపడింది.

పాతవీధి:

మీ బాధ అర్థమైంది గానీ మీరు తేల్చిన మాట ప్రమాదకరం. "చూడండి, ఆపకండి" అంటే అద్దం ఇవతల నిలబెట్టి చూపించడమే కదండీ. షెర్రీ ఆర్న్‌స్టీన్ అని అమెరికాలో ఒకావిడ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. అడుగు మెట్లు మభ్యపెట్టడానికి. మధ్యలో సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం, ఈ మూడూ నామమాత్రమేనంది ఆవిడ, ఎందుకంటే విని పక్కన పడేసినా అడిగే దిక్కుండదు. పై మూడు మెట్లు ఎక్కితేనే అధికారం చేతులు మారినట్టు. మీరు మమ్మల్ని మూడో మెట్టు మీదే కూర్చోమంటున్నారు.

తెలుసుకుంటే చాలదు అనడానికి లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కన్నా ఏం కావాలి. 24 అంతస్తుల భవనం. మరమ్మతుల్లో బయటి గోడలకి ముందు అనుకున్న జింక్ తొడుగు మానేసి, ఖర్చు తగ్గుతుందని మధ్యలో పాలిథిన్ ఉన్న అల్యూమినియం పలకలు బిగించారు. అక్కడ ఉండేవాళ్ళ బృందం భద్రత గురించి ఏళ్ళ తరబడి రాస్తూనే ఉంది, 2016 నవంబరులోనైతే పెద్ద ప్రమాదం జరిగి ప్రాణాలు పోతే తప్ప ఈ నిర్లక్ష్యం బయటపడదని బహిరంగంగానే రాసి పెట్టింది. 2017 జూన్ 14న అర్ధరాత్రి దాటాక మంటలు ఆ పలకల మీదుగానే పైకి పాకాయి, 72 మంది చనిపోయారు. రాసే హక్కు వాళ్ళకుంది, ఆపే శక్తి లేదు. అందుకే ఆపే హక్కు గురించి తేలిగ్గా మాట్లాడొద్దంటున్నాను.

ఇంకోటి, మాస్టర్ ప్లాన్ అంటారు. 1960ల్లో న్యూయార్క్‌లో పెద్ద పెద్ద రోడ్లు, వంతెనలు కట్టించిన అధికారి రాబర్ట్ మోసెస్ దిగువ మన్‌హటన్ మీదుగా ఎక్స్‌ప్రెస్‌వే వేయాలనుకున్నప్పుడు అది అధికారులూ నిపుణులూ ఒప్పుకున్న పథకమే. అక్కడే ఉండే రచయిత్రి జేన్ జేకబ్స్, ఆవిడతో పాటు వీధుల్లోకి వచ్చిన జనం అడ్డం పడకపోతే ఈ రోజు సోహో అన్న పేటే ఉండేది కాదు. పైనుంచి చూసేవాడికి మ్యాప్ మీద గీత కనపడుతుంది, కింద ఉన్నవాడికి ఇల్లు కనపడుతుంది.

అద్దెకుంటున్నా:

ఆ వెనక వరసలో ఆవిడ గురించి చదివాక కాసేపు ఇంకేం చదవలేకపోయాను, ఎందుకంటే ఆవిడ నేనే అనుకోవచ్చు, ఏడేళ్ళలో ఐదు ఇళ్ళు మారాను, ప్రతిసారీ ఇంకాస్త దూరం, ప్రతిసారీ పిల్లల బడి మళ్ళీ మొదటికి, ఓటరు కార్డు మీద అడ్రసు మార్చుకునేలోపు ఇల్లే మారిపోతుంది, ఇక నేను ఏ వార్డు మనిషినని చెప్పమంటారు?

పాతవీధి అన్నా, మీరు "ప్రజలు" అన్నప్పుడు అందులో నేనున్నానా? గ్రెన్‌ఫెల్ గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం, కానీ అక్కడ గొంతెత్తింది ఆ భవనంలో ఉండేవాళ్ళు, ప్రాణం పోయేది వాళ్ళకి. పక్క వీధిలో సొంతిల్లున్నాయనకి కారు పెట్టుకునే చోటు తగ్గడాన్ని దానికి జోడించకండి.

న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో ఏం జరిగిందో చూడండి. 2016 ఫిబ్రవరిలో ఊళ్ళో ఎక్కువ ఇళ్ళకి వీలిచ్చే మ్యాపుల మీద కౌన్సిల్ సమావేశం పెట్టారు. యువజన సలహా మండలి తరఫున మాట్లాడటానికి లేచినవాళ్ళని హాల్లో ఉన్న పెద్దవాళ్ళు అరిచి గేలిచేశారు. కౌన్సిల్ ఆ మ్యాపులని వెనక్కి తీసుకుంది. అక్కడితో కథ అయిపోయేదే, కానీ స్వతంత్ర విచారణ మండలి అని ఒకటి విడిగా అందరి వాదనలూ వింటోంది. వాళ్ళు నివాస ప్రాంతంలో దాదాపు ముప్పాతిక భాగంలో ఇదివరకటి కన్నా ఎక్కువ ఇళ్ళు కట్టుకోవచ్చని సిఫార్సు చేశారు, ఆగస్టులో కౌన్సిలే చాలావరకు ఒప్పుకుంది. ఆ తర్వాత కొన్నేళ్ళలో ఇళ్ళ పర్మిషన్లు రెట్టింపయ్యాయి. హాల్లో అరిచినవాళ్ళ మాటే చెల్లి ఉంటే అవేవీ లేవు.

మినిట్స్ రాసినవాణ్ణి:

ఒక చిన్న పట్టణ కౌన్సిల్లో ఇరవై రెండేళ్ళు మినిట్స్ రాశాను, రిటైరయ్యాను. మీరంతా సమావేశంలో ఎవరు మాట్లాడాలన్న దాని మీద వాదించుకుంటున్నారు. సమావేశం మొదలయ్యే సరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది, ముందు అది తెలుసుకోండి.

ఎలా జరుగుతుందో చెబుతాను. దరఖాస్తు పడటానికి ఆరేడు నెలల ముందే బిల్డర్ మనుషులు, అధికారులు కూర్చుని మాట్లాడుకుంటారు. అందులో తప్పేం లేదు, నిబంధనలు తెలుసుకోవడానికి రావాల్సిందే, కానీ ఆ మాటలకి మినిట్స్ ఉండవు. ఎన్ని అంతస్తులు, రోడ్డు ఎవరు వెడల్పు చేయాలి, పార్కు స్థలం ఎటువైపు, ఇవన్నీ అక్కడే ఒక కొలిక్కి వస్తాయి. తర్వాత ఎజెండా. పది అంశాలున్న ఎజెండా ముందే పంచుతాం, అసలైనది టేబుల్ ఎజెండాగా ఆ పూటే సభ్యుల ముందుకొస్తుంది. నలభై పేజీలు పది నిమిషాల్లో ఎవరు చదువుతారు? చేతులెత్తుతారు. గంటన్నర కేకలేసుకున్న సమావేశాన్ని నేను ఎన్నోసార్లు "చర్చించి ఆమోదించడమైనది" అన్న రెండు మాటల్లో రాశాను. అలాగే రాయమనేవాళ్ళు. ఎవరు ఏమన్నారు, ఎవరు అభ్యంతరం చెప్పారు, ఎవరికి ఆ స్థలంలో వాటా ఉంది, ఏదీ కాగితం మీదకి రాదు. ఆ రెండు మాటలు రాసిన ప్రతిసారీ నాకు చెయ్యి బరువుగానే ఉండేది.

ఇక పర్మిషన్ ఇచ్చాక జరిగేది ఇంకా ఎవరూ చూడరు. "సవరణ ప్లాన్" అని ఒకటొస్తుంది. మొదటి ప్లాన్లో పిల్లల పార్కు చూపించి, సవరణలో అది ట్రాన్స్‌ఫార్మర్‌కీ జనరేటర్‌కీ పోతుంది, తక్కువ ఆదాయం వాళ్ళ ఫ్లాట్లు నలభై అన్నవి పన్నెండు అవుతాయి. మొదటి విచారణకి అరవై మంది వచ్చారే, సవరణ రోజు ఒక్కరూ రారు, ఎందుకంటే దానికి గేటు మీద కాగితం కూడా ఉండదు.

పారదర్శకత అంటే నా లెక్కలో ఈ మూడు నాలుగు చోట్ల వెలుగు పడటమే. మంచి చట్టాలు లేకపోలేదు. స్వీడన్లో 1766 నుంచే ప్రభుత్వ కాగితాలు చూసే హక్కు జనానికి ఉంది. కాలిఫోర్నియాలో బ్రౌన్ చట్టమని 1953లో తెచ్చారు, దాని ప్రకారం మామూలు సమావేశమైతే ఎజెండా కనీసం 72 గంటల ముందు అందరికీ కనపడేచోట పెట్టాలి, అత్యవసరం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప ఎజెండాలో లేని విషయం మీద నిర్ణయం తీసుకోవడానికి వీల్లేదు. టేబుల్ ఎజెండా బతకలేదు అక్కడ. ఇలాంటి రూలు ఒక్కటి మా కౌన్సిల్లో ఉండి ఉంటే నా సర్వీసులో సగం గొడవలు పుట్టేవే కావు.

పాతవీధి:

పెద్దాయనా, చేతులెత్తి దండం. నేనడిగేది కూడా ఇదే. ఇంత చీకట్లో వ్యవహారం నడుస్తుంటే, చివర్లో మిగిలిన ఒకే ఒక్క తలుపు, ఆ బహిరంగ విచారణ, దాన్నీ మూసేద్దాం అంటున్నారు వీళ్ళు.

మూసేస్తే ఏమవుతుందో ఐర్లండ్‌లో చూశాం. 2017 నుంచి వంద, అంతకు మించి ఇళ్ళుండే ప్రాజెక్టులన్నీ స్థానిక కౌన్సిల్ నిర్ణయంతో పని లేకుండా నేరుగా జాతీయ ప్లానింగ్ బోర్డుకి వెళ్ళేలా చేశారు. ఇళ్ళు త్వరగా వస్తాయన్నారు. బోర్డు నిర్ణయం మీద అప్పీలు లేదు, ఇక మిగిలింది హైకోర్టు. జనం కోర్టుకే వెళ్ళారు, చాలా అనుమతులు అక్కడ కొట్టుకుపోయాయి, కొట్టుకుపోనివి కూడా ఏళ్ళ తరబడి ఇరుక్కున్నాయి. 2021 చివరికి ఆ పద్ధతినే ఎత్తేసి మళ్ళీ స్థానిక కౌన్సిళ్ళకే అప్పగించారు. త్వరగా కట్టాలని మాట వినడం మానేస్తే త్వరా రాలేదు, నమ్మకమూ పోయింది.

అద్దెకుంటున్నా గారూ, ప్రజల్లో మీరున్నారు. మీరు హాలుకి రాలేకపోవడం ఆ హాలు తప్పు. దాన్ని సరిచేద్దాం, నా నోరు మూయించడం ఎందుకు?

గేటుమీద కాగితం:

ఐర్లండ్ సంగతి ఒప్పుకుంటాను, అది నా వాదనకి దెబ్బే. ఒక్కో ప్రాజెక్టు దగ్గర ఆపే హక్కు తీసేస్తే, దానికి ముందు ఎక్కడో నిజంగా వినే చోటు ఉండాలి. అది లేకుండా తీసేశారు వాళ్ళు.

కానీ అదే కోర్టు తలుపు ఇంకోవైపు ఎలా తెరుచుకుంటుందో కూడా చూడండి. కాలిఫోర్నియాలో 1970 నాటి పర్యావరణ చట్టం ఉంది, పెద్ద పని మొదలుపెట్టే ముందు దాని ప్రభావం అధ్యయనం చేసి జనం ముందు పెట్టాలి. మంచి చట్టం. బర్క్‌లీలో పీపుల్స్ పార్క్ అన్న చోట యూనివర్సిటీ దాదాపు 1,100 మంది విద్యార్థులకి, వంద మందికి పైగా నిలువనీడ లేనివాళ్ళకి ఇళ్ళు కడతానంది. స్థానికుల సంఘాలు కేసు వేశాయి. 2023 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు, విద్యార్థులు చేసే గోల కూడా పర్యావరణ ప్రభావమే, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి అధ్యయనం చెల్లదంది. అంటే మనుషులు మాట్లాడుకునే చప్పుడు కాలుష్యం! దాంతో ఆ ఏడాదే శాసనసభ కొత్త చట్టం తెచ్చింది, 2024 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాని ఆధారంగా యూనివర్సిటీకి అనుకూలంగా తీర్పిచ్చింది. ఆ లోపు పోయిన కాలం ఎవరిది? ఇల్లు లేనివాడిది.

మినిట్స్ రాసిన పెద్దాయన చెప్పిన సవరణ ప్లాన్ మాట నాకు కొత్త. మేం అరవై మందిమి పార్కింగ్ గురించి అరిచాం, తక్కువ ఆదాయం వాళ్ళకన్న ఫ్లాట్లు చివరిదాకా అన్నే ఉంటాయా అని ఒక్కరమూ అడగలేదు.

తొలిపోస్టు:

మొదటిసారి రాస్తున్నా, తప్పుంటే చెప్పండి. సమావేశాలు ఆన్‌లైన్లో పెడితే అయిపోదా? నైట్ డ్యూటీ వాళ్ళు కూడా ఫోన్లోంచి మాట్లాడొచ్చు కదా.

గేటుమీద కాగితం:

నేనూ అదే అనుకున్నాను తమ్ముడూ. కోవిడ్‌లో సమావేశాలన్నీ జూమ్‌లోకి వెళ్ళినప్పుడు పైన చెప్పిన బోస్టన్ పరిశోధకులే మళ్ళీ చూశారు. మాట్లాడేవాళ్ళ తీరు పెద్దగా మారలేదట, అవే వయసులు, అవే సొంతిళ్ళు. లింకు ఇచ్చినంత మాత్రాన రారు. దరఖాస్తు పడిన సంగతే తెలియనివాళ్ళకి లింకెందుకు, పైగా ఇంకా కట్టని ఇంట్లో ఉండబోయేవాళ్ళని ఏ లింకుతో పిలుస్తాం?

డ్రైనేజీ మనిషి:

నీళ్ళు, మురుగు లైన్ల పనిలో ఉంటాను. ఒక విషయం ఎవరూ అనలేదు. జనం పార్కింగ్, ట్రాఫిక్ అంటే "సాకులు చెబుతున్నారు" అని కొట్టిపారేస్తారు, కానీ ఆ మాట కింద చాలాసార్లు నిజమైన భయం ఉంటుంది, దాన్ని చెప్పడానికి వాళ్ళ దగ్గర లెక్కలుండవు అంతే.

ఉదాహరణకి ఒక వీధి కింద 200 మిల్లీమీటర్ల మురుగు పైపు ఉందనుకోండి. ఒక అపార్ట్‌మెంట్ వచ్చింది, లెక్క వేశారు, సరిపోతుందన్నారు. నిజంగానే సరిపోతుంది. ఆర్నెల్లకి రెండోది, దానికీ విడిగా లెక్క వేస్తే సరిపోతుంది. మూడోదీ అంతే. ప్రతి ఫైలూ విడిగా చూస్తే సక్రమంగానే ఉంటుంది, నాలుగో ఏడు పెద్ద వాన రోజున మ్యాన్‌హోల్ మూత లేచి మురుగు ఎవరి గుమ్మంలోకి వస్తుందంటే పల్లంలో ఉన్న పాత ఇళ్ళలోకి. ఆ ఇంటివాళ్ళు తర్వాతి దరఖాస్తుకి వద్దంటారు. వాళ్ళని స్వార్థపరులనడం అన్యాయం. పైపు మొత్తం మీద ఇప్పటికే ఎంత భారం పడింది, ఇచ్చిన పర్మిషన్లన్నీ కట్టేస్తే ఎంతవుతుంది అన్న ఒక్క కాగితం గోడకి అంటిస్తే చాలు, సగం కోపం ప్రశ్నగా మారుతుంది. ఆ కాగితం చాలా చోట్ల తయారే చేయరు. కొత్త పైపు ఖర్చు బిల్డర్ ఎంత కట్టాలి, కట్టింది ఏ పనికి పోయింది అన్నది దాని పక్కనే రాయాలి.

అందుకే మాస్టర్ ప్లాన్ దగ్గరే తేల్చాలన్న మాటకి నేను ఓటేస్తాను, ఒక షరతు మీద. ప్లాన్‌లో ఐదంతస్తులని రాస్తే ఐదంతస్తులకి సరిపడా పైపు ఏ సంవత్సరం వేస్తారో కూడా అందులోనే రాయాలి. రాయకపోతే దాని మీద అభ్యంతరం చెప్పే హక్కు ఆ వీధికి ఉండాల్సిందే.

పాతవీధి:

డ్రైనేజీ అన్నా, మా ఇల్లు ఆ గోదాముల వీధిలోనే, పల్లంలో ఉంది. అంతకన్నా ఏం చెప్పను. మూడేళ్ళ కిందట హాల్లో నేను మాట్లాడి ఉంటే అందరూ నన్నూ పార్కింగ్ బ్యాచ్‌లో కలిపేసేవారు.

మీరు చెప్పినట్టు భారం లెక్క, సవరణ ప్లాన్ల నోటీసు, మినిట్స్‌లో పేర్లతో సహా వాదనలు, ఇవన్నీ మాస్టర్ ప్లాన్‌కి ముందే ఉంటే నేను ఒక్కో బిల్డింగ్ మీద పోట్లాడాల్సిన పని చాలా తగ్గుతుంది. ఆర్హస్ ఒప్పందమని 1998లో ఐరోపా దేశాలు చేసుకున్నాయి, పర్యావరణ నిర్ణయాల గురించి. అందులో నాకు నచ్చిన మాట, జనాన్ని పిలిచేది అన్ని దారులూ ఇంకా తెరిచి ఉన్నప్పుడే పిలవాలని. అన్నీ తేలిపోయాక పిలిస్తే మాకు మిగిలేది అరవడమే, అప్పుడు అరిచారని మమ్మల్నే అంటారు.

కానీ ఒక మాట మీద కదలను. ప్లాన్‌కి లోబడి ఉందని పర్మిషన్ ఇచ్చాక, కట్టేది దానికి లోబడి లేకపోతే పని ఆపించే హక్కు పక్కింటివాడికి ఉండాలి, దానికి లాయరు ఖర్చు లేకుండా ఉండాలి. గ్రెన్‌ఫెల్ పలకలు మారింది పని నడుస్తున్నప్పుడే.

అద్దెకుంటున్నా:

ఆ హక్కు మాకూ కావాలి అన్నా, లోపల ఉండబోయేది మేమే. దానికి నేను అడ్డం చెప్పను.

నాకు మిగిలిన అనుమానం ఒకటే. మాస్టర్ ప్లాన్ సమావేశాలకి మాత్రం ఎవరొస్తారు? మళ్ళీ అదే హాలు, అదే అరవై మంది. ఇంకా ఘోరం, ఎందుకంటే ఒక బిల్డింగ్ అంటే కనీసం కోపంతోనైనా వస్తారు, ఇరవై ఏళ్ళ తర్వాతి మ్యాప్ కోసం పిల్లల్ని వదిలేసి ఎవరొస్తారు?

మినిట్స్ రాసినవాణ్ణి:

సరైన చోట పట్టుకున్నావమ్మా. వచ్చినవాళ్ళని వినడం అన్న పద్ధతి మీదే ఆధారపడితే నువ్వన్నదే అవుతుంది. వచ్చేవాళ్ళ కోసం ఎదురుచూడకుండా లాటరీ తీసి పిలవడం ఒక దారి. మెల్‌బోర్న్ కౌన్సిల్ 2014లో తన పదేళ్ళ ఆర్థిక ప్రణాళిక కోసం 43 మందిని అలా ఎంచింది, వయసు, సొంతిల్లా అద్దె ఇల్లా, వ్యాపారమా అన్నవి చూసి అన్ని రకాలవాళ్ళూ ఉండేలా. వాళ్ళు కొన్ని నెలలు శనివారాలు కూర్చుని ఖాతాలు చూశారు, అధికారులని ప్రశ్నలడిగారు, సిఫార్సులు రాశారు, కౌన్సిల్ వాటిలో చాలావాటిని తీసుకుంది. ఖాతాలు నిజంగా తెరిచి చూపించారు కాబట్టే అది నడిచింది.

ఏదీ శాశ్వతం కాదన్నది కూడా గుర్తుంచుకోండి. బ్రెజిల్లో పోర్టో అలెగ్రి 1989లో ఊరి బడ్జెట్‌లో కొంత భాగం ఎక్కడ ఖర్చు పెట్టాలో పేటల సమావేశాలే తేల్చే పద్ధతి మొదలుపెట్టింది, ముఖ్యంగా పేదల పేటలకి మురుగు కాలువలు, నీళ్ళు అలా వచ్చాయి, ప్రపంచమంతా వెళ్ళి చూసి నేర్చుకుంది. పాలకులు మారారు, డబ్బు తగ్గింది, 2017లో అక్కడే దాన్ని ఆపేశారు. చట్టంలో గట్టిగా రాసుకోకపోతే మంచి అలవాటు మంచి మేయర్‌తో పాటే పోతుంది. లాటరీ సభ అయినా, 72 గంటల ఎజెండా అయినా, తీర్మానం చేసి వదిలేయొద్దు, రూలుగా రాయించండి.

తొలిపోస్టు:

లాటరీలో పేరొస్తే శనివారం జీతం పోతుంది కదండీ, దానికి డబ్బిస్తారా?

మినిట్స్ రాసినవాణ్ణి:

ఇవ్వాలి. ఇవ్వకపోతే జీతం పోయినా ఫరవాలేదన్న వాళ్ళే మిగులుతారు, మళ్ళీ మొదటికొస్తాం.

గేటుమీద కాగితం:

వారం తర్వాత మళ్ళీ రాస్తున్నాను. నిన్న సాయంత్రం అటుగా వెళ్తుంటే గోదాముల గేటుకి కొత్త కాగితం కనపడింది. ఈసారి నాలుగంతస్తులు, 150 ఫ్లాట్లు, గడువు 21 రోజులు. వాన పడకముందే నాలుగు ఫోటోలు తీసి ఇక్కడ పెట్టాను, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. తక్కువ ఆదాయం వాళ్ళకి ఎన్ని ఫ్లాట్లన్నది మాత్రం నోటీసులో ఎక్కడా లేదు.

ఈ పొద్దున ఆఫీసుకెళ్ళి మూడు కాగితాల కోసం రాతపూర్వకంగా అడిగాను: దరఖాస్తుకి ముందు బిల్డర్‌తో జరిగిన సమావేశాల తేదీలు, ఆ వీధి మురుగు లైను మీద ఇప్పటికున్న భారం, పాత దరఖాస్తుకీ దీనికీ మధ్య మారినవాటి జాబితా. రెండోది తమ దగ్గర లేదన్నారు. లేదనే మాటే రాసిమ్మన్నాను, సోమవారం రమ్మన్నారు.

డ్రైనేజీ అన్నా, ఆ లెక్క మామూలు మనిషి అడగాలంటే ఏ పేరుతో అడగాలో చెప్పండి. పాతవీధి గారూ, మీ గుమ్మంలోకి నీళ్ళొచ్చిన ఫోటోలుంటే తేదీలతో పంపండి, విచారణలో నా మూడు నిమిషాలు వాటికే ఇస్తాను. ఆ ఆసుపత్రిలో పనిచేసే ఒకరికి నోటీసు ఫోటో పంపి అక్కడి బోర్డు మీద పెట్టమన్నాను. ఆవిడ ఇంకా అక్కడే చేస్తున్నారో లేదో తెలీదు. వస్తే ముందు వరసలో కుర్చీ ఉంచుతాను.